కొట్టేవాణ్ణి వదిలెయ్

నవంబర్ 3, ఆదివారం

గెయ్‌జా తుంటి అరిగిపోయింది. ఆపరేషన్ చేసి కొత్తది వేస్తారట. పంతొమ్మిదేళ్లు మా వెనక గోల్‌లో నిలబడ్డ మనిషి, ఇవాళ చంకల కింద కర్రలు పెట్టుకుని డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చి, తన ప్యాడ్లు గోడకి ఆనించి కూర్చున్నాడు. ఏడవలేదు. మేమే ఏడ్చినంత పని చేశాం.

కీపర్ లేకపోతే జట్టే లేదు. మా రంపపు మిల్లు ఐస్ హాకీ జట్టులో గోల్ కొడతానని ముందుకు ఎగబడేవాళ్లు తొమ్మిది మంది, వెనక డిఫెన్స్‌లో నిలబడేవాళ్లం నలుగురం. వచ్చే పక్‌కి అంటే ఆ గట్టి రబ్బరు బిళ్లకి ఛాతీ అడ్డం పెట్టే పిచ్చివాడు మాత్రం ఈ లోయ మొత్తంలో ఒకడు దొరికితే గొప్ప.

ఇమ్రిఖ్ గొంతు సవరించుకున్నాడు. వాడు మా కెప్టెన్, మిల్లులో మేస్త్రీ, డిఫెన్స్‌లో నా జోడీ. ఇరవై రెండేళ్లుగా వాడు ఎడమ, నేను కుడి.

"కీపర్ దొరికాడు," అన్నాడు నా వైపు చూడకుండా. "బస్సు డ్రైవర్ రడోవాన్."

అందరూ ఒక్కసారిగా తమ స్కేట్ల తాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు.

రడోవాన్ అంటే యార్మిలా ఎవరితో ఉంటోందో ఆ రడోవాన్. యార్మిలా నా పెళ్లాం. మాజీ పెళ్లాం అని రాయాలి. రెండేళ్లయినా చేతికి అలవాటు పోలేదు.

చేతులెత్తమన్నారు. పన్నెండు లేచాయి. నాది లేవలేదు.

"వెండెల్, నీ బాధ నాకు తెలుసురా," అన్నాడు ఇమ్రిఖ్. "వాడు నీ సంసారం పట్టుకుపోయాడు. మనం వాడి ఆదివారాలు పట్టుకుందాం. చెల్లుకు చెల్లు."

"వాడితో ఒక్క మాట మాట్లాడను."

"మాట్లాడమని ఎవడన్నాడు? ఆడు చాలు."

నాకేం పట్టదు. ఆట ఆటే.

నవంబర్ 10, ఆదివారం

ఫైర్ స్టేషన్ వాళ్లతో ఆడాం. 4–6 ఓడిపోయాం.

ఐసు బాగోలేదు. మా మైదానానికి పైకప్పు ఉంది గానీ గోడల్లేవు. గాలి కొండ మీది పొడిమంచంతా తెచ్చి మూలల్లో పోస్తుంది. పక్ ఆగి ఆగి కదిలింది. అందుకే ఓడాం.

సరే, ఇది చదివేవాళ్లెవరున్నారు గనక, నిజమే రాస్తాను. ఆరో గోల్ నా వల్ల పడింది.

డిఫెన్స్‌లో అందరికంటే ముందు నేర్పేది ఇదే. ఇద్దరు దూసుకొస్తున్నారు, నువ్వొక్కడివే మిగిలావు. ఒకడి దగ్గర పక్ ఉంది, రెండోవాడు పాస్ కోసం పక్కన వస్తున్నాడు. ఇద్దర్నీ ఆపడం నీ తరం కాదు. అందుకని పక్ ఉన్నవాణ్ణి కీపర్‌కి వదిలేసి, నువ్వు మధ్యలో ఉండి పాస్ దారి మూస్తావు. కొట్టేవాడు కీపర్ వంతు, పాస్ నీ వంతు. ఆ ఒక్క క్షణం నీ వెనక ఉన్నవాణ్ణి నమ్మాలి, తిరిగి చూడకుండా నమ్మాలి. గెయ్‌జా ఉన్నప్పుడు ఇది నమ్మకమని కూడా తోచేది కాదు.

ఇవాళ నేను దారి వదిలేసి కొట్టేవాడి మీద పడ్డాను. వాడు తాపీగా పక్కవాడికి ఇచ్చాడు. ఆ పక్కవాడు ఖాళీ గోల్‌లోకి తోశాడు. నేను కదిలినప్పుడే వెనక నుంచి రడోవాన్ "వదిలెయ్, వాడు నాకు!" అని అరిచాడు. వినిపించింది. వినిపించలేదని ఇమ్రిఖ్‌కి చెప్పాను.

ఓడిన రోజు తప్పెవరిదో చేతులెత్తి తేలుస్తాం. తేలినవాడు వచ్చే ఆదివారం పొద్దున్నే వచ్చి మైదానం వెనక ఇనప గుండిగలో అందరికీ గులాష్, అదే మాంసం పులుసు, వండాలి. ఉల్లిపాయలు మాత్రం కీపర్ తరగాలి, తప్పెవరిదైనా గోల్ పడింది వాడి మీంచే కాబట్టి. ఈ చట్టం మా నాన్నల కాలం నాటిది. ఇన్నాళ్లూ దీన్ని మించిన చట్టం లేదనుకునేవాణ్ణి.

పన్నెండు చేతులు నా మీద లేచాయి. ఎత్తనివాళ్లం ఇద్దరమే, నేనూ రడోవానూ.

నవంబర్ 13

యార్మిలా ఫోన్ చేసింది. ఆస్ట్రియాలో ఒక ముసలావిడని చూసుకునే పని దొరికిందట. ఈ లోయలో సగం మంది ఆడవాళ్లు చేసే పనే. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. జనవరి ఏడున బయల్దేరాలి.

"మరి డోర్కా?"

"దాని గురించే చేశాను. కోర్టు కాగితం ప్రకారం నేను లేనప్పుడు అది నీ దగ్గరుండాలి. కానీ మీ పైఊరి నుంచి స్కూలుకి రెండు బస్సులు మారాలి వెండెల్. దానికి పన్నెండేళ్లు. ఇక్కడైతే దాని గది ఉంది, స్కూలు ఎదురుగానే ఉంది. ఇక్కడే ఉంటానంటోంది. రడోవాన్ చూసుకుంటానన్నాడు. నువ్వు సరేనంటేనే."

"పరాయి మగాడికి నా కూతుర్ని అప్పజెప్పి వెళ్తావా?"

"నీకు పరాయి. దానికి కాదు."

ఫోన్ పెట్టేశాను.

డోర్కా నా దగ్గరే ఉంటుంది. రెండు బస్సులైతే ఏమైంది, నేను చిన్నప్పుడు ఐదు కిలోమీటర్లు నడిచి వెళ్లాను.

మూడు కిలోమీటర్లు.

నవంబర్ 17, ఆదివారం

పొద్దున్న ఏడింటికి గుండిగ దగ్గర నేనూ వాడూ. నేను మాంసం, వాడు ఉల్లిపాయలు. ఆరు కిలోల ఉల్లిపాయలు. ఒక్క మాట లేదు. పొయ్యి పొగ, ఉల్లి ఘాటు కలిసి ఇద్దరికీ కళ్ల వెంట ధారలు. పాలసీసాలతో అటుగా వెళ్తున్న పాలావిడ మమ్మల్ని చూసి శిలువ గుర్తు వేసుకుంది. మధ్యాహ్నానికల్లా ఊరంతా ఏమనుకుంటుందో నాకు తెలుసు.

మేం ఆడుతున్నంతసేపూ గెయ్‌జా స్టూలు మీద కూర్చుని గరిటె తిప్పాడు. "ఉల్లిపాయలు తరిగింది ఎవడ్రా? దారాల్లా ఉన్నాయి," అన్నాడు. పంతొమ్మిదేళ్లు తను తరిగినవి గులకరాళ్లలా ఉండేవి.

నవంబర్ 18

వాడు ఉల్లిపాయలు బాగానే తరుగుతాడు. నాకేం పట్టదు.

నవంబర్ 24, ఆదివారం

గెలిచాం, 3–2. హైస్కూలు మాస్టార్లతో.

చివరి నిమిషంలో జరిగింది రాయకుండా ఉండలేను. లెక్కల మాస్టారు దగ్గర్నుంచి కొట్టాడు. పక్ ఇమ్రిఖ్ స్కేటుకి తగిలి దారి మార్చుకుంది. రడోవాన్ అప్పటికే కుడివైపు పడిపోయి ఉన్నాడు. పక్ ఎడమకి వెళ్తోంది. పడిపోయిన మనిషి, పడిన చోటు నుంచే, ఎడమ కాలు నేల మీద తలుపు మూసినట్టు జరిపాడు. కాలి కొసకి తగిలి ఆగింది. వాడికి నలభై ఏడేళ్లు. రోజుకి తొమ్మిది గంటలు బస్సు సీట్లో కూర్చునే మనిషి.

గోల్ కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది. పడని గోల్ ఎవరికీ గుర్తుండదు. అది గుర్తుపెట్టుకునేది డిఫెన్స్‌వాడే. మేం జీవితమంతా వెనక్కి జారుతూ, ఎదుటివాడి కళ్లు కాదు, చేతులు కాదు, ఛాతీ చూస్తూ బతుకుతాం. ఛాతీ అబద్ధం చెప్పదు. అందుకే మంచి అడ్డు ఎదురైతే మాకు వెంటనే తెలుస్తుంది. ఇవాళ్టిది నా ఇరవై ఆరేళ్లలో చూసిన మూడు గొప్ప వాటిలో ఒకటి.

వాడితో అనలేదు. అనాల్సిన పని లేదు.

డిసెంబర్ 1, ఆదివారం

డోర్కా ఈ శని, ఆదివారాలు నా దగ్గరే. బంగాళాదుంప రొట్టెలు కాల్చాను. అవి మాడితే మాడినవాటినే ఏరుకుని తింది, నాన్న మనసు కష్టపెట్టకూడదని కాబోలు.

"రడోవాన్ ఇంట్లో ఎలా ఉంటాడు?" అన్నాను, ఏదో మాటల్లో వచ్చినట్టు.

"మామూలుగా."

"మామూలుగా అంటే?"

"సూప్ నిలబడి తాగుతాడు. రేడియోతో వాదిస్తాడు. నా గదిలోకి రాడు."

"రాడా?"

"ఎప్పుడూ రాడు. గుమ్మం దగ్గరే ఆగుతాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు అమ్మ నైట్ డ్యూటీలో ఉంది కదా, అప్పుడు కుర్చీ తెచ్చుకుని వరండాలో తలుపు పక్కన కూర్చున్నాడు. నేను లోపల్నుంచి దగ్గితే బయట్నుంచి 'మంచినీళ్లు తాగు' అనేవాడు." రొట్టె నములుతూ నన్ను చూసింది. "నాన్నా, నన్ను పోలీసులు అడిగినట్టు అడుగుతున్నావేంటి?"

"అబ్బే, ఊరికే అడిగాను."

జ్వరం వచ్చిందని నాకెవరూ చెప్పలేదు. ఆ కుర్చీలో కూర్చోవాల్సింది నేను.

డిసెంబర్ 8, ఆదివారం

2–3 ఓడిపోయాం.

మళ్లీ ఇద్దరు వచ్చారు, నేనొక్కణ్ణి. మళ్లీ కొట్టేవాడి మీదకే వెళ్లాను. వాడు నా కాళ్ల సందులోంచి కొట్టాడు. నేను అడ్డంగా ఉండటంతో రడోవాన్‌కి పక్ కనిపించనే లేదు. మెడకీ భుజానికీ మధ్య ఎముక మీద తగిలి లోపలికి దొర్లింది. మోకాళ్ల మీద కూలబడి చాలాసేపు లేవలేదు. తర్వాత లేచి, ఆట అయ్యేదాకా నిలబడ్డాడు.

చేతులు లేచాయి. పన్నెండు. లెక్కపెట్టడం కూడా మానేశారు.

ఇమ్రిఖ్ బయట నన్ను పట్టుకున్నాడు. "నీ కాళ్లకి ఏమొచ్చిందిరా? వదిలెయ్యాలని కుర్రకుంకలకి కూడా తెలుసు."

"ఐసు బాగోలేదు."

"ఐసు నిన్నే ఎందుకు పట్టుకుందిరా? నా పక్కన బాగానే ఉంది."

డిసెంబర్ 15, ఆదివారం

గుండిగ దగ్గర. రడోవాన్ కుడి చెయ్యి ఎత్తలేకపోతున్నాడు. ఎడమ చేత్తో తరుగుతున్నాడు. ఇవాళ దారాల్లా రాలేదు.

సగం అయ్యాక కత్తి కింద పెట్టాడు.

"వెండెల్ గారూ, ఒక మాట."

గారు అన్నాడు. నా మీద కోపంతోనో గౌరవంతోనో తెలియలేదు. నేను మాంసం కలుపుతూనే ఉన్నాను.

"ముందు నిలబడకండి. మీరు అడ్డముంటే నాకు పక్ కనబడదు. కొట్టనివ్వండి వాణ్ణి. నేనక్కడ ఉన్నది దానికే."

"లోపలికి వెళ్తేనో?"

"వెళ్తాయి. కొన్ని వెళ్తాయి. వెళ్తే ఉల్లిపాయలు తరుగుతాను." కత్తి మళ్లీ తీసుకున్నాడు. "ఇది ఆట సంగతే. పాప సంగతి వేరు. అది మీ ఇష్టం. దాని గురించి నేను అడగను, యార్మిలాని కూడా ఒత్తిడి చెయ్యొద్దన్నాను."

ఐదు వారాల మౌనం ఆ మాటతో తెగింది. నేనేమన్నానో తెలుసా? "మిరప పొడి అందుకో" అన్నాను. అందించాడు.

డిసెంబర్ 18

నేను పనికి వెళ్లే వ్యాన్ పాడైంది. కొండ మీది ఊళ్లో రెండు కిటికీలు బిగించాల్సి ఉంది. బస్సెక్కాక తెలిసింది తోలేది వాడని. వెనక సీట్లో మూలకి కూర్చున్నాను. అద్దంలో చూసి గేరు వేశాడు.

మలుపు దగ్గర దుంగల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా జారి ఆగి ఉంది. మా కింద అంతా ఐసు. బ్రేకు తొక్కితే బస్సు తిరిగిపోయేది. వాడు తొక్కలేదు. గేరు తగ్గిస్తూ, స్టీరింగ్ వేలితో తాకినట్టు తిప్పుతూ, పక్కనున్న మంచు గుట్టలోకి బస్సుని నెమ్మదిగా ఆనించాడు. ముసలమ్మల సంచులు కూడా ఒరగలేదు. "కూర్చోండి, ఏం కాలేదు. అయిదు నిమిషాలు ఆలస్యం," అన్నాడు. ఒక్కొక్కళ్లనీ లెక్కపెట్టాడు. నన్ను కూడా.

బస్సుకి టైర్లు మంచివై ఉంటాయి.

డిసెంబర్ 24

క్రిస్మస్ ముందు రాత్రి భోజనానికి చేప చాలా పెద్దది తెచ్చాను, ఒక్కడికి. ఎవరైనా వస్తారేమోనని అదనంగా పెట్టే పళ్లెం కూడా పెట్టాను, అమ్మ పెట్టినట్టే. డోర్కా ఫోన్‌లో పాట పాడింది.

డిసెంబర్ 29

డోర్కా కోసం మంచం కొన్నాను. బిగించాను. చిన్న గదికి వెల్ల వేశాను. బస్సు టైములు కాగితం మీద రాసి గోడకి అంటించాను: మొదటిది ఐదూ యాభై. చీకట్లో ఆ స్టాపు దగ్గర దాన్ని ఊహించుకున్నాను. తర్వాత ఊహించుకోవడం మానేశాను.

యార్మిలా జవాబు అడుగుతోంది. జనవరి ఆరు, సోమవారం లోపల చెప్పాలట.

జనవరి 5, ఆదివారం

ఫైర్ స్టేషన్ వాళ్లతో మళ్లీ.

3–3. ఆఖరి పది సెకన్లు. ఇమ్రిఖ్ ముందుకు పోయి పక్ పోగొట్టుకున్నాడు, ముసలి వెధవ. నేను తిరిగి చూసేసరికి ఇద్దరు వస్తున్నారు. నేనొక్కణ్ణి.

నేను వెనక్కి జారుతున్నాను. పక్ ఉన్నవాడి ఛాతీ గోల్ వైపుంది. రెండోవాడు నా కుడి పక్కన కర్ర చాచి వస్తున్నాడు. కొట్టేవాడి మీదకి వెళ్లాలని కాళ్లు లాగాయి, ఎప్పటిలాగే. వెనక నుంచి అరుపేమీ రాలేదు. ఈసారి రడోవాన్ అరవలేదు. నేనే ఆగాను. మోకాళ్ల మీద జారి, ఒళ్లంతా ఐసు మీద పరిచి, కర్ర చాచి పాస్ దారి మొత్తం మూసేశాను. అంత బాగా ఎప్పుడూ మూయలేదు. చీమ కూడా దూరదు. వెనక్కి తిరిగి చూడలేదు.

కొట్టాడు.

శబ్దం బట్టే తెలిసింది. రడోవాన్ ఎడమ చెయ్యి కింద నుంచి లోపలికి వెళ్లింది. 3–4. ఆటయిపోయింది.

నేను ఐసు మీద వెల్లకిలా పడి ఉన్నాను. కోపం వస్తుందని ఎదురుచూశాను. రెండేళ్లుగా వాడి మీద దాచుకున్నదంతా ఇప్పుడు లేస్తుందనుకున్నాను. రాలేదు. వాడు ఆపుతాడన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. గెయ్‌జా కూడా ఎన్నో వదిలేశాడు, గెయ్‌జా మీద నాకెప్పుడూ కోపం రాలేదు. నా వంతు నేను చేశాను, వాడి వంతు వాడు చేశాడు, పక్ లోపలికి వెళ్లింది. అంతే జరిగింది. ఇంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు.

వాడు గోల్‌లోంచి నా దగ్గరికి జారుకుంటూ వచ్చాడు. చెయ్యి అందించాడు, బాగోలేని కుడి చెయ్యే.

"సరిగ్గానే వదిలాను," అన్నాను. ఐసు మీద వాడితో నేనన్న మొదటి మాట.

"సరిగ్గానే వదిలారు. అది నాదే. చేతికి రావాల్సింది, రాలేదు."

డ్రెస్సింగ్ రూమ్‌లో తప్పెవరిదని ఇమ్రిఖ్ అడిగితే వాడే చెయ్యెత్తాడు. తన మీద తనే. ఇంకెవరూ ఎత్తలేదు. అంత మర్యాదగా ఓడిన మనిషిని నేను చూడలేదు. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను: మంచి మనిషి.

జనవరి 6, సోమవారం

యార్మిలాకి ఫోన్ చేశాను.

"అక్కడే ఉండనీ," అన్నాను.

ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఫోన్ రడోవాన్ తీసుకున్నాడు.

"వెండెల్ గారూ, ఒక చిక్కుంది. గురువారాలు నాకు మొదటి బస్సు, ఐదింటికి. మార్చమని అడిగాను, కుదరలేదు. స్కూలు టైమయ్యేదాకా మూడు గంటలు పాప ఒంటరిగా ఉంటుంది. పక్కింటావిణ్ణి అడగొచ్చు. కానీ ముందు మిమ్మల్ని అడుగుదామని."

ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనని నేను ఒట్టు పెట్టుకున్న సంగతి వాడికి తెలియదు.

"వస్తాను," అన్నాను.

జనవరి 9, గురువారం

నాలుగూ ముప్పావుకి వెళ్లాను. వాడు టోపీ పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. "పొయ్యి అంటించాను. టీ కెటిల్‌లో ఉంది. ఏడింటికి లేస్తుంది, లేవకపోతే పిలవండి, మొదటిసారి వినదు," అన్నాడు. బూట్లు చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్లాడు.

రెండు గంటలు వాళ్ల వంటింట్లో కూర్చున్నాను. టీ తాగాను. యార్మిలా చెప్పులు తలుపు దగ్గర ఉన్నాయి. ఒకప్పుడైతే ఆ చెప్పులు చూసి చచ్చిపోయేవాణ్ణి. ఇవాళ కొంచెం నొప్పి పుట్టింది, అంతే.

ఏడింటికి డోర్కా వచ్చింది, కళ్లు నులుముకుంటూ. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. దువ్వెన, రెండు రబ్బరు బ్యాండ్లు తెచ్చి నా ముందు పెట్టి, కుర్చీ తిప్పి వెనక్కి తిరిగి కూర్చుంది.

"రడోకి రాదు," అంది. "నిన్నా మొన్నా విరబోసుకునే వెళ్లాను. టీచర్ తిట్టింది. నీకొచ్చు కదా నాన్నా?"

రెండేళ్లయింది దాని జుట్టు ముట్టుకుని. అప్పటికంటే ఒత్తుగా ఉంది, పొడుగయింది. మూడు పాయలు చేశాను. గట్టిగా లాగానేమో, "మెల్లిగా," అంది. మెల్లిగా అల్లాను. సగంలో ఒక పాయ జారిపోతే మళ్లీ మొదట్నుంచి అల్లాను. అది కదలకుండా కూర్చుంది.

లేచి అద్దంలో చూసుకుంది.

"వంకరగా వచ్చింది," అంది.

విప్పలేదు. అలాగే స్కూలుకి వెళ్లింది.